ఆమ్లము, క్షారము, పి.హెచ్. : వంటింటి నుండి రక్తము దాకా

పసుపు మరక పడిన తెల్లచీరకు సబ్బు రాయగానే ఆ మరక ఎఱ్ఱబడుట చూడని గృహిణి ఉండదు. అదే మరకపై నిమ్మరసము పిండినచో మరల పచ్చబడును. పసుపు, సున్నము కలిపి పారాణి చేయుటయు, దిష్టి తీయుటకు ఎఱ్ఱనీళ్లు కలుపుటయు ఈ గుణము వలననే సాధ్యమగుచున్నవి. క్షారము తగిలినపుడు ఎఱ్ఱబడుట, ఆమ్లము తగిలినపుడు తిరిగి పచ్చబడుట పసుపు స్వభావము. రసాయనశాస్త్రమున ఇట్టి పదార్థమును సూచిక అందురు. అయితే పసుపు క్షారమును మాత్రమే చెప్పును. మంచినీటికిని, పులుసుకును భేదము అది చెప్పలేదు. ఆ రెండింటను పచ్చగానే ఉండును. అందుకు ఎఱ్ఱ మందారపువ్వు మేలు. రేకలను వేడినీటిలో నానవేసి వడకట్టిన నీరు ఆమ్లము తగిలిన ముదురు గులాబి వన్నెకును, క్షారము తగిలిన ఆకుపచ్చ వన్నెకును మారును. పిల్లలతో కలిసి ఒకమారు చేసి చూడుడు.

ఈ పాఠము ఇప్పుడెందుకని అడుగవచ్చును. కొంతకాలముగా మా వైద్యశాలకు వచ్చువారిలో పలువురు "మా రక్తములో ఆమ్లము పెరిగినదట, క్షారజలము త్రాగుమన్నారు" అని చెప్పుచున్నారు. మరికొందరు భోజనానంతరము గుండెలలో మంట అని ప్రతిరాత్రి చెంచాడు వంటసోడా నీళ్లలో కలిపి త్రాగుచున్నారు. మొదటి అలవాటు ధనమునకు చేటు, రెండవది దేహమునకు చేటు. ఈ మాట ఊరక చెప్పిన నమ్మువారు తక్కువ. లెక్క చూపిన నమ్ముదురు. ఆ లెక్క కష్టమైనది కాదు.

నీటిలో జరుగునది

నీటి అణువులన్నియు ఎల్లవేళల అఖండముగా ఉండవు. వానిలో బహు స్వల్పభాగము హైడ్రోజన్ అయానుగను, హైడ్రాక్సైడ్ అయానుగను విడిపోవుచు, మరల కలియుచు ఉండును. ఏ క్షణమున చూచినను దాదాపు 55 కోట్ల నీటి అణువులలో ఒకటి మాత్రమే ఇట్లు విడిపోయి ఉండును. శుద్ధజలమున ఈ రెండును సమానముగా ఉండును గనుక అది తటస్థము. హైడ్రోజన్ అయాన్లను పెంచునది ఆమ్లము. వానిని తగ్గించి హైడ్రాక్సైడ్ అయాన్లను పెంచునది క్షారము. రెండును కలిసినపుడు ఒకదాని అయాను మరొకదానితో చేరి నీరగును, మిగిలినది లవణము. ద్రావణములలో పదార్థములు అయాన్లుగా విడిపోవునను సిద్ధాంతమునకు స్వీడన్ దేశీయుడైన అర్హేనియస్ 1884లో తన పరిశోధన వ్యాసమున పునాది వేసెను. పరీక్షకులు దానికి తక్కువ శ్రేణి ఇచ్చిరి. 1903లో అదే కృషికి నోబెల్ బహుమతి లభించెను.

ఇక పి.హెచ్. సంగతి. ఇది హైడ్రోజన్ అయాన్ల కొలత. 25 డిగ్రీల వద్ద ఒక లీటరు శుద్ధజలమున హైడ్రోజన్ అయాన్లు గ్రాములో కోటవ వంతు మాత్రమే ఉండును. కోటికి ఎన్ని సున్నలు? ఏడు. అదియే పి.హెచ్. 7. లీటరున గ్రాములో లక్షవ వంతు ఉన్నచో లక్షకు అయిదు సున్నలు గనుక పి.హెచ్. 5. వేయవ వంతు ఉన్న 3, నూరవ వంతు ఉన్న 2. మన లెక్కలో పది, నూరు, వేయి, పదివేలు, లక్ష, పదిలక్షలు, కోటి అని ఎక్కు మెట్లే పి.హెచ్. మెట్లు. భాగించు సంఖ్య పెరిగిన కొలది అయాన్లు తగ్గును గనుక, పి.హెచ్. అంకె తగ్గిన ఆమ్లత్వము పెరిగినట్లు. ఒక్కొక్క మెట్టుకు పదిరెట్ల భేదము. ఈ కొలతను 1909లో సోరెన్సన్ అను శాస్త్రజ్ఞుడు డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఏర్పరచెను. ఆ ప్రయోగశాల బీరు తయారుచేయు సంస్థకు చెందినది. మేలైన విద్య ఎక్కడ పుట్టినను కాదనరాదు.

మన ఇంటి పదార్థములను ఈ మెట్లపై నిలిపి చూడుడు. నిమ్మరసము 2కు కొంచెము పైన ఉండును. పెరుగు 4, 4.5 మధ్య నుండును. ఈ రెండింటికి సుమారు రెండు మెట్ల ఎడము, అనగా దాదాపు నూరురెట్ల భేదము. వాననీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కరిగించుకొనుట వలన 5.6 ప్రాంతమున ఉండును. పాలు 6.6. వంటసోడా నీరు 8.3, సున్నపుతేట 12కు పైన. భారతీయ ప్రమాణముల ప్రకారము త్రాగునీరు 6.5, 8.5 మధ్య ఉండవలెను. మన జఠరరసమో, ఆహారము లేనివేళ 1.5, 3.5 మధ్య ఉండును. లోహమును కూడ తినివేయగల ఆమ్లమును మన కడుపు నిత్యము మోయుచున్నది. పంటి పైపూత 5.5 కంటె తక్కువ పి.హెచ్. వద్ద కరగనారంభించును. నిమ్మరసము త్రాగిన వెంటనే పండ్లు తోముకొనరాదు, నీటితో పుక్కిలించి కొంతసేపు ఆగవలెను.

ఇక్కడ ఒక సూక్ష్మము కలదు. పి.హెచ్. చెప్పునది చేతిలోని చిల్లరను మాత్రమే, పెట్టెలోని సొమ్మును కాదు. వంటకు వాడు వెనిగరులోని ఆమ్లమున నూటికి ఒక వంతు కూడ ఒక సమయమున విడిపోయి ఉండదు. తక్కినదంతయు లోపల దాగి, ఖర్చైన కొలది బయటికి వచ్చుచుండును. హైడ్రోక్లోరికామ్లము అట్లు కాదు, ఉన్నదంతయు చేతిలోనే ఉండును. రెండు ద్రవముల పి.హెచ్. ఒకటే అయినను వాని సత్తువ ఒకటి కానవసరము లేదు. పి.హెచ్. పేరు చెప్పి వస్తువులమ్మువారు ఈ భేదమును చెప్పరు.

సుశ్రుతుని క్షారపాకము

సుశ్రుతసంహిత సూత్రస్థానమున పదునొకండవ అధ్యాయము క్షారమును గూర్చినది. మోదుగ, ఉత్తరేణి, అరటి మొదలగు వానిని కాల్చిన బూడిదను నీట కలిపి, పలుమార్లు వడకట్టి కాచినది మృదుక్షారము. దానికి కాల్చిన సున్నపురాయిని, శంఖములను చేర్చి కాచినపుడు దాని బలము హెచ్చును. ఇందలి రసాయనము నేటి విద్యార్థికి సులభముగా తెలియును. మొక్కల బూడిదలో పొటాషియం కార్బొనేటు ఎక్కువ. సున్నము దానిలోని కార్బొనేటును తాను లాగుకొని సుద్దగా అడుగునకు దిగును. పైన మిగిలిన తేటలో దాహకమైన పొటాషియం హైడ్రాక్సైడు ఉండును. దీనిని ఇనుప పాత్రలో మూతి మూసి భద్రపరచుమని చెప్పుటలో లోతైన అనుభవము కలదు. మూత తీసి ఉంచిన గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని ఆ క్షారము మరల మృదువైపోవును. ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ 1902లో వెలువరించిన హిందూ రసాయనశాస్త్ర చరిత్ర ప్రథమ సంపుటమున ఈ భాగమును ప్రత్యేకముగా ప్రశంసించిరి.

క్షారముతో కాల్చిన చోట మంట చల్లారుటకు పులిసిన కాంజికము వంటి ఆమ్లములను పోయుమనియు సుశ్రుతుడు చెప్పెను. మన తరవాణి ఆ జాతిదే. క్షారము ఆమ్లముతో కలిసినపుడు తన తీక్ష్ణతను విడుచునని ఆయన ఇచ్చిన సమాధానము నేటి తటస్థీకరణమునకు మిక్కిలి దగ్గర. కాని ఆ విధి శస్త్రవైద్యుడు తాను కొలిచి, తాను చూచుచు, శరీరముపై ఒక చిన్న చోట పూసిన క్షారమునకు సంబంధించినది. కంట పడిన సున్నమునకు, పొరపాటున మ్రింగిన ఆమ్లమునకు దానిని వర్తింపజేయుట శాస్త్రము కాదు. ఈ విషయమునకు మరల వత్తును.

మరొక మాట. మన శాస్త్రములోని ఆమ్లరసము, విపాకము అను మాటలను పి.హెచ్.తో ముడివేయువారు ఎక్కువైనారు. ఉసిరికకు మధుర విపాకమన్నారు గనుక అది కడుపులో క్షారమగునని వ్రాయుచున్నారు. రసము నాలుకకు తెలియునది, విపాకము జీర్ణానంతరము శరీరముపై కలుగు ఫలితమును బట్టి ఊహింపబడునది. ఇవి వైద్యుని పరిభాష. పి.హెచ్. పరికరము చూపు అంకె. రెండింటిని బలవంతముగా ఒకటి చేయుట వలన రెండు శాస్త్రములకును గౌరవము తగ్గును.

చెంచాడు సోడా ఏమి చేయును?

వంటసోడా కడుపులోని ఆమ్లమును వెంటనే అణచును, అందు సందేహము లేదు. కాని ఆ పనిలో వాయువు పుట్టును. ఒక గ్రాము సోడా పూర్తిగా ఆమ్లముతో కలిసిన దాదాపు 300 మిల్లీలీటర్ల వాయువు వెలువడును. చెంచాకు సుమారు అయిదు గ్రాములు పట్టును. త్రేనుపు రాగానే "హాయిగా ఉన్నది" అనుకొనుట ఈ వాయువు బయటికి పోవుట చేతనే. కడుపునిండ భుజించిన పిదప ఇంత వాయువును లోపల పుట్టించుట ప్రమాదము.

అంతకంటె గుప్తమైనది సోడియము. చెంచాడు సోడాలో 1,200 మిల్లీగ్రాములకు పైగా సోడియము ఉండును. పెద్దలకు రోజు మొత్తమునకు 2,000 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు రక్తపోటునకు మందులు వాడుచు, ఉప్పులేని కూర తినుచు, ఊరగాయ ముట్టక, అయినను కాళ్లవాపు తగ్గుట లేదని నా వద్దకు వచ్చినారు. దినచర్య అంతయు అడుగగా రాత్రి పడుకొనుటకు ముందు రెండు చెంచాల సోడా త్రాగుదురని తేలినది. "అది ఉప్పు కాదు గదండీ" అని వారి ప్రశ్న. రుచికి కాదు, దేహమునకు మాత్రము అందలి సోడియము ఉప్పులోని సోడియమే. సోడా మానిపించి, రాత్రి భోజనము త్వరగా ముగింపజేసి, మంచమునకు తలవైపు నాలుగు వ్రేళ్ల ఎత్తున చెక్కలు పెట్టించినాను. వారి వైద్యుడిచ్చిన రక్తపోటు మందులు యథాతథముగా సాగినవి. కొన్ని వారములలో వాపు తీసినది, మంటయు చాలవరకు తగ్గినది.

క్షారమును మితిమీరి సేవించిన కలుగు అనర్థము కొత్త సంగతి కాదు. 1915లో అమెరికాలో సిప్పీ అను వైద్యుడు కడుపుపుండునకు పాలు, క్షారములు గంటగంటకు ఇచ్చు పద్ధతిని ప్రచారము చేసెను. తరువాతి సంవత్సరములలో ఆ చికిత్స పొందినవారిలో కొందరికి తలనొప్పి, వాంతి, మతిభ్రమ, మూత్రపిండముల దెబ్బ కనిపించినవి. మన శంఖభస్మము, వరాటభస్మము కూడ సున్నపు జాతివే. వైద్యుడు చెప్పిన మాత్రలో, చెప్పినన్ని దినములు సేవించిన ఔషధములు. అంగడిలో కొని నెలల తరబడి తినదగినవి కావు.

జఠరామ్లము శత్రువు కాదు. పెప్సిన్ అను జీర్ణకారి ఆమ్లమునందే చక్కగా పనిచేయును. ఆహారముతో పోయిన సూక్ష్మజీవులలో పెక్కు ఆ ఆమ్లమున నశించును. ఆమ్లపిత్తమున వైద్యుని లక్ష్యము అగ్నిని ఆర్పుట కాదు, అది పొంగు కారణమును తొలగించుట. పరగడుపున కాఫీ, పొగాకు, రాత్రి వేళ వేపుళ్లు, తిని వెంటనే పడుకొనుట, వీనిని మాని చూడకుండ మందును నిందింపరాదు. రాత్రి నానవేసిన ధనియాల నీరు ఉదయమున త్రాగుట చాలమందికి హితవు. అతిమధురము మంచిదని విని వాడువారు రక్తపోటు ఉన్నచో వాడరాదు, అది పోటును పెంచును. నల్లని విరేచనము, రక్తము వాంతి, మ్రింగుట కష్టమగుట, కారణము లేక బరువు తగ్గుట కనిపించిన పరీక్షలు చేయింపవలెను. చెమటతో కూడిన ఛాతీనొప్పి, భుజమునకో దవడకో ప్రాకు నొప్పి అయినచో సోడా కలుపుచు కూర్చుండరాదు. అది గుండెపోటు కావచ్చును, తక్షణమే ఆస్పత్రికి పోవలెను.

రక్తము తన పి.హెచ్.ను ఎట్లు నిలుపుకొనును?

రెండు గాజు గ్లాసులలో మందారపు నీరు కలిపిన మంచినీరు పోయుడు. ఒకదానిలో చిటికెడు వంటసోడా కరిగింపుడు. రెండింటిలోను నిమ్మరసము చుక్కచుక్కగా వేయుడు. మొదటిది ఒకటి రెండు చుక్కలకే గులాబి రంగునకు తిరుగును. రెండవది చుక్కకు చుక్కకు నురుగు లేచుచు, చాల చుక్కలు పడిన తరువాత గాని ఎఱుపు చూపదు. వచ్చిన ఆమ్లమును సోడాలోని బైకార్బొనేటు పుచ్చుకొనుచుండుటయే కారణము. ఇట్లు పి.హెచ్. మార్పును అడ్డు ద్రావణమును బఫర్ ద్రావణము అందురు.

నిజమైన బఫరులో ఇద్దరుండవలెను. హైడ్రోజన్ అయానును పుచ్చుకొనువాడు ఒకడు, ఇచ్చువాడు మరొకడు. రక్తమున పుచ్చుకొనునది బైకార్బొనేటు, ఇచ్చునది కరిగిన బొగ్గుపులుసు వాయువు వలన ఏర్పడు కార్బొనికామ్లము. ఆమ్లము వచ్చి పడిన మొదటిది స్వీకరించును, క్షారము వచ్చి పడిన రెండవది విడుచును. ఆరోగ్యవంతుని రక్తమున బైకార్బొనేటుకును, కరిగిన వాయువునకును నిష్పత్తి 20కి 1. ఈ నిష్పత్తి నిలిచినంతవరకు పి.హెచ్. 7.4 వద్ద నిలుచును. ఈ సంబంధమును హెండర్సన్ 1908లో సమీకరణముగా వ్రాయగా, హాసెల్‌బాల్క్ 1916లో దానిని పి.హెచ్. రూపమునకు మార్చెను.

దీని గొప్పతనము ఏమనగా, నిష్పత్తిలోని రెండు వైపులకును కాపలా కలదు. వాయువును ఊపిరితిత్తులు చూచుకొనును. ఆమ్లము పెరిగిన శ్వాస వేగమై వాయువు ఎక్కువగా బయటికి పోవును, నిమిషములలో సర్దుకొనును. బైకార్బొనేటును మూత్రపిండములు చూచుకొనును. వాని పని గంటలు, దినములు పట్టును. రక్తపు పి.హెచ్. 7.35, 7.45 మధ్యనే తిరుగును. 7.0కు దిగినదనిన హైడ్రోజన్ అయాన్లు రెండున్నర రెట్లు పెరిగినట్లు, అది ప్రాణాపాయ స్థితి. నిమ్మకాయ వలననో, ఒక పూట మాంసాహారము వలననో అట్టి స్థితి రాదు. ఆహారమును బట్టి మారునది మూత్రపు పి.హెచ్. మాత్రమే. కాగితపు పట్టీతో మూత్రమును పరీక్షించి "నా రక్తము ఆమ్లమైనది" అనుకొనుట తూము నుండి పారు నీటిని చూచి చెరువు ఎండినదనుకొనుట వంటిది.

నిజముగా రక్తము ఆమ్లమగు రోగములు కలవు. మధుమేహము అదుపు తప్పినపుడు, ముఖ్యముగా ఇన్సులిన్ మానివేసినపుడు, కీటోన్లను ఆమ్లములు రక్తమున పేరుకొనును. దీర్ఘముగా, లోతుగా ఎగశ్వాస, పండిన పండు వాసన గల ఊపిరి, వాంతులు, మగత దాని గుర్తులు. దానికి మా కషాయములు గాని, క్షారజలము గాని మందు కావు. ఆ రోగి ఆ గంటలోనే ఆస్పత్రిలో ఉండవలెను.

క్షారజలపు లెక్క

ఇప్పుడు వాగ్దానము చేసిన లెక్క. యంత్రము నుండి వచ్చు క్షారజలపు పి.హెచ్. 9 అనుకొందము. అందు లీటరుకు హైడ్రాక్సైడ్ అయాన్లు ఒక మోలులో లక్షవ వంతు ఉండును. మోలు అనునది రసాయనశాస్త్రజ్ఞుల లెక్కింపు కుంచము వంటిది. జఠరరసపు పి.హెచ్. 2 అనుకొన్న, లీటరుకు హైడ్రోజన్ అయాన్లు మోలులో నూరవ వంతు. నూరవ వంతు లక్షవ వంతునకు వేయిరెట్లు. అనగా ఒక లీటరు క్షారజలమును విరుచుటకు ఒక్క మిల్లీలీటరు జఠరరసము చాలును. ఇరువది చుక్కల పని! నీటిలో బైకార్బొనేటు వంటి ఖనిజములు కరిగి ఉన్నచో మరికొంత ఎక్కువ పట్టవచ్చును గాని, కడుపు దాటి రక్తమును మార్చునంత సత్తువ దానికి లేదు. ఒకవేళ మార్చినచో అది ఔషధము కాదు, ఆపద. వేలు పోసి ఆ యంత్రము కొనుటకంటె ఆ సొమ్ముతో నీటిని సరిగా వడకట్టి కాచి త్రాగుట, ఇంటిల్లిపాదికి సంవత్సరము పొడుగున పండ్లు కొనుట లాభము.

ఇంటిలో జాగ్రత్తలు

కళాయి పోయిన ఇత్తడి, రాగి పాత్రలలో చారు, పులుసు, మజ్జిగ ఉంచరాదు. ఆమ్లము ఆ లోహమును కరిగించి ఆహారమున చేర్చును, వాంతులగును. మరుగుదొడ్డి కడుగు ఆమ్లమును, బ్లీచింగు పొడిని ఒకేమారు వాడరాదు. రెండును కలిసిన విషవాయువైన క్లోరిన్ పుట్టును, మూసిన స్నానపుగదిలో అది ఊపిరిని పట్టివేయును.

తాంబూలపు సున్నము చిన్న ప్యాకెట్లలో వచ్చుచున్నది. పిల్లలు దానిని నొక్కి ఆడుకొనునపుడు పగిలి కంటిలో చిందుట కన్నులు పోవుటకు కారణమగుచున్నది. ఆమ్లము కంటిపొరను పైన గడ్డకట్టించి చాలవరకు అక్కడ ఆగును, క్షారము కొవ్వును కరిగించుకొనుచు లోపలికి దిగును. అందుచేత సున్నము ఆమ్లముకంటె ప్రమాదము. అట్టివేళ నిమ్మరసము, తేనె, తల్లిపాలు, నెయ్యి ఏదియు వేయరాదు. సుశ్రుతుని కాంజికము ఇక్కడ పనికిరాదు. ఆమ్లము క్షారముతో కలియునపుడు వేడి పుట్టి గాయమునకు గాయము తోడగును. వెంటనే శుభ్రమైన నీటిధార క్రింద రెప్పలు విప్పి పట్టి, కనీసము అరగంట ఆపకుండ కడుగవలెను. రెప్పల క్రింద చిక్కిన సున్నపు పలుకులు నీటితోనే పోవునట్లు చూడవలెను. ఆ పిమ్మట నేరుగా కంటి ఆస్పత్రికి తీసికొనిపోవలెను, త్రోవలోను కడుగుచుండుట మంచిది.

ఆమ్లమో, బట్టలసోడాయో, కాస్టిక్ సోడాయో ఎవరైన మ్రింగినచో వాంతి చేయింపరాదు. పోవునపుడు కాల్చిన ద్రవము తిరిగి వచ్చునపుడు మరల కాల్చును. విరుగుడని ఆమ్లమునకు సోడా, క్షారమునకు పులుసు త్రాగింపరాదు. నోటిని నీటితో పుక్కిలింపజేసి, వైద్యుడు చెప్పనిదే ఏమియు త్రాగింపక, ఆలస్యము లేకుండ పెద్ద ఆస్పత్రికి చేర్పవలెను. మ్రింగినది ఏమో వైద్యునికి తెలియుటకు ఆ సీసాను లేక ప్యాకెట్టును మూత బిగించి వెంట తీసికొనిపోవలెను.